గోడకు అటు సలోమి

"అందరూ ఊపిరి బిగబట్టండి, ఇమ్మానుయేలు తప్ప!" అని ఆసుపత్రి వార్డులో నేను అరిచిన అరుపుకు కాకినాడ రేవులో రెండు ఓడలు లంగరు తెంచుకున్నాయంటే మీరు నమ్మితీరాలి.

డాక్టర్ షమీమ్ శ్వాసపంపు వైర్లకు క్లిప్పులు తగిలించి, కంప్యూటర్ దాన్ని ఏమడుగుతోందో, అది ఏమని బదులిస్తోందో వింటోంది. ఓడలకు వెల్డింగ్ చేసి చేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న ఇమ్మానుయేలు, ఛాతీకి అమర్చిన ఆ పంపు మీదే బతుకుతున్నాడు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. హక్కులు కొన్న కొత్త కంపెనీ, శుక్రవారం నుంచి పాత డ్రైవర్ ఆగిపోతుందని తేల్చేసింది. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ మెషీన్‌కూ మధ్య దుబాసీలాంటి చిన్న ప్రోగ్రామ్. అది లేకపోతే పంపు ఉలకదు, పలకదు.

కొత్తది రాసి, ఓపెన్ సోర్స్‌గా లోకానికంతా పంచుదామన్నాను. పాత కోడ్ చూసి రాస్తే మాత్రం దొంగతనమవుతుంది. అందుకే నా బుర్రలోంచి ఒక పద్ధతి తీశాను. (అది ఎప్పటినుంచో ఉన్నదేనని కొందరంటారు. ఓర్వలేనివాళ్లు.) ఈ గదిలో షమీమ్ మెషీన్ ప్రవర్తనను మాత్రమే కాగితం మీద పెడుతుంది. గోడకు అటు, ఆ మెషీన్‌నూ దాని కోడ్‌నూ ఎన్నడూ చూడని మనిషి కొత్త డ్రైవర్ రాస్తుంది. రాకపోకలు నావి మాత్రమే.

ఈ విద్య తెలిసినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ కంపెనీ కోడ్ చూసి, గోప్యతా ఒప్పందాల మీద సంతకం పెట్టినవాళ్లే. పెట్టనిది సలోమి ఒక్కతే. ఇమ్మానుయేలు భార్య. డ్రైవర్ ఆగిపోతుందన్న కబురు పంపు అమర్చిన రోజే వచ్చింది; ఆ క్షణం నుంచి ఆమెను వార్డు గడప తొక్కనివ్వలేదు నేను.

"ఆయన బాగున్నాడా, ప్లీడరు గారూ?"

"బాగున్నాడంటే పంపు బాగా నడుస్తోందని తెలిసిపోతుంది కదమ్మా. చెప్పకూడదు."

"పోనీ, అన్నం తిన్నాడా?"

చట్టాలన్నీ కళ్ల ముందు గిర్రున తిప్పుకుని చూశాను. అడ్డు కనపడలేదు. "తిన్నాడు. చేపల పులుసులో ఉప్పు లేదని వార్డుబాయ్‌ని చెడామడా తిట్టాడు."

"అయితే బాగున్నట్టే," అంది. నేను తల పట్టుకున్నాను.

శుక్రవారం పాత డ్రైవర్ చచ్చింది. కొత్తది ఎక్కించారు. పంపు కాసేపు ఆడింది, ఆగింది. ఇమ్మానుయేలు పెదవులు నీలమయ్యాయి. షమీమ్ చేత్తో గాలి సంచి నొక్కుతూ, "రెండోసారి అడిగితేనే అది బదులిస్తోంది! అంతే చెప్పండి, ఇంకేం చెప్పకండి!" అని కేకేసింది.

ఆ నడవాలో నేను తీసిన పరుగుకు గోడల సున్నం రాలింది. సలోమికి ఆ ఒక్క ముక్కే చెప్పాను. నా ముఖం చూసింది. విషయం అర్థమైంది. వెంటనే కీబోర్డు మీదికి వంగింది. సరిచేసి ఇచ్చింది.

పంపు ఆడింది.

సాయంత్రం నడవాలోని వీడియో తెర మీద కోర్టు కొలువుదీరింది. దొంగిలించారంది కంపెనీ. నేను లేచి వాదిస్తే తెర పగుళ్లిచ్చింది! "ఈమె ఆ మెషీన్‌ను చూడలేదు, వినలేదు, తాకలేదు. చూడనిదాన్ని ఎలా దొంగిలిస్తుంది మిలార్డ్?" జడ్జి గారు నా మాటలనే తీర్పులో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించారు. డ్రైవర్ చట్టబద్ధమే. గెలిచాం!

సలోమి లేచి వార్డు తలుపు దగ్గరికి ఉరికింది.

"ఒక్క మాట," అన్నాడు తెర మీంచి కంపెనీ లాయరు, తాపీగా. "ఇకముందు మార్పులు రాసేదీ ఈమే కదా? మెషీన్ చూసిన రోజు నుంచి ఈమె రాసే ప్రతి అక్షరం మీదా మళ్లీ దావా వేస్తాం. తీర్పులో ఉన్నదే."

నిజమే. అందులో ఉన్నవి నా మాటలే: చూడలేదు, వినలేదు, తాకలేదు. కంప్యూటర్ మారినప్పుడల్లా డ్రైవర్‌నూ మార్చాలి; ఆ మార్పులు ఆగితే పంపు ఆగుతుంది. రాయడానికి మరో మనిషి లేడు.

లోపలినుంచి ఇమ్మానుయేలు, "ఎవరది? సలోమీ, నువ్వేనా? లోపలికి రావేం?" అన్నాడు.

ఆమె గడియ మీద చెయ్యి తీసేసి, తలుపుకు వీపు ఆన్చి కింద కూలబడింది. ఆ వెనకే పంపు చప్పుడు, వినీ వినపడకుండా.

"చెవులు మూసుకోమ్మా," అన్నాను.

మూసుకుంది.