కౌన్సిలింగ్ రూములో గొంతు

నకరికల్లు దాటాక ఒక ఆడపిల్లల కాలేజీ హాస్టలుంది. పేరెందుకులే. దాని రెండో అంతస్తులో చివరి గది మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు. రాత్రి పన్నెండు దాటిందంటే లోపల్నించి ఆడగొంతు వినపడుద్దంట... "తర్వాత... చెప్పమ్మా..." అని. బయటేమో తాళం!

తలుపు మీద బోర్డు చూస్తే 'కౌన్సిలింగ్ రూము'. పిల్లలు దిగులు చెప్పుకోటానికంట. తనిఖీవాళ్ళొచ్చిన రోజు రంగులేశారు, రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు దిగారు, తాళమేశారు. కౌన్సిలరనే మనిషి ఇంతవరకూ ఆ మెట్లెక్కలా. దెయ్యం మాట చెవినపడగానే మాత్రం ప్రిన్సిపాల్ ధనుంజయరావు గబగబా బూడిదగుమ్మడికాయ తెప్పించి గుమ్మానికి కట్టించాడు. మనిషిని పెట్టాల్సిన చోట గుమ్మడికాయని పెట్టాడు, ఏం బుద్ధో! అది కాస్తా కుళ్ళి తలుపు మీదుగా చీములా కారుతుంటే తుడిచేది ఆయా మాణిక్యమ్మ.

ఆ రాత్రి ఒంటిగంటకి ఫస్టియర్ గదిలో మంచాలు చూసుకుంటూ వస్తోంది మాణిక్యమ్మ. ఒక మంచం ఖాళీ... లిఖితది.

ఆ పిల్ల రెండ్రోజుల్నించి అన్నం కెలికి వదిలేస్తోంది. గోడకంటించే ర్యాంకుల కాయితంలో పేరు అడుక్కి పోయింది. బాత్‌రూముల్లో చూసింది — లేదు. ట్యాంకు మెట్ల కాడ — లేదు. 'ఏం చేసుకుందో ఏందో తల్లీ!'

అప్పుడు వినపడింది... చివరి గదిలోంచి ఏడుపు. ఆ వెంటనే ఇంకో గొంతు, మెత్తగా...

"తర్వాత... చెప్పమ్మా..."

వెనక్కి పరిగెత్తేదే. కానీ ఆ ఏడుపు లిఖితదే! దెయ్యమైతే దెయ్యమే, పిల్లని మాత్రం వదిలేది లేదనుకుంది. వెనక వరండా వైపు తలుపుకి గడియ ఊడిపోయి ఉంది. తోసింది.

లోపల చచ్చిన ఎలక కంపు. పాత ఫ్లెక్సీలు, విరిగిన బెంచీలు. మధ్యన ప్లాస్టిక్ కవరు కూడా తీయని కొత్త కుర్చీ... అందులో నెత్తి మీదుగా దుప్పటి కప్పుకుని ఎవరో! కింద నేల మీద లిఖిత.

దుప్పటి మెల్లగా ఇటు తిరిగింది...

"ఆయమ్మా... అరవమాకు. నీ కాళ్ళు పట్టుకుంటా!"

సెకండియర్ వెన్నెల!

రోజుకొక పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటుందంట. మిగతావాళ్ళొచ్చి బాధ చెప్పుకుంటారంట. కూర్చున్నది 'తర్వాత చెప్పమ్మా' అనాలి, తిట్టకూడదు, ఎవరికీ చెప్పకూడదు. పెద్దోళ్ళు అటు రాకుండా దెయ్యం కత పుట్టించింది కూడా వీళ్ళే.

"ఫిజిక్స్ ఒక్క ముక్క ఎక్కట్లా ఆయమ్మా," లిఖిత వెక్కుతోంది. "ఆదివారం ఫోనిస్తే వార్డెన్ మేడం పక్కనే నిలబడుద్ది. బాగున్నానని అమ్మకి అబద్ధం చెప్పా..."

మాణిక్యమ్మకి భయం పోయి అసహ్యం పుట్టింది. పిల్లల మీద కాదు.

"థూ! వీళ్ళ కాలేజీ మీద మన్నుపొయ్య! పదహారేళ్ళ పిల్లలు ఏడవాలంటే దెయ్యాల్లాగా దాక్కోవాలా!"

రొంటిన ఉన్న ఫోన్ తీసి లిఖిత చేతిలో పెట్టింది. "చెయ్యి మీ అమ్మకి. నిద్దట్లోంచి లేస్తే లేవనీ."

అవతల "అమ్మా లిఖితా!" అనగానే ఆ పిల్ల బావురుమంది. నిజం మొత్తం చెప్పింది.

తెల్లారి ధనుంజయరావు పైకొచ్చాడు, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని.

"రాత్రి ఇక్కడ అలికిడైందంట. పిల్లలేనా? పేర్లు చెప్పు, టీసీలిచ్చి పంపేస్తా."

గుమ్మడికాయ రసం తుడిచిన గుడ్డని బకెట్లో పిండుతూ మాణిక్యమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ కంపుకా, ఈ మనిషికా, ఎందుకు వాంతొస్తోందో ఆమెకే తెలియలా.

"పిల్లలేంది సార్? దెయ్యమే. నా కళ్ళారా చూశా. మీరు ఇటేపు రామాకండి."

ఆయన గబగబా దిగిపోయి ఇంకో గుమ్మడికాయ తెప్పించాడు.

ఇప్పుడా గదిలో దెయ్యాలు రెండంట. రెండోది కాస్త ముసలి గొంతు...

"ముందు అన్నం తిన్నావా తల్లీ... తర్వాత చెప్పు..."