గద్దముక్కు మీద అడ్డురాళ్లు

పొద్దున్న పదింటికల్లా హైమవతి రెండు దిగుడు దారులు గీసేసింది. దారిగీతల కార్యాలయంలో ఎవరైనా సరే కొండ దిగే దారి ముందు గీయాలి, ఎక్కే దారి తరువాత. ఎక్కినవాడు దిగకపోతే నెపం గీసినవాళ్ల మీదికి వస్తుంది మరి. దిగుడు కుదిరాక లెక్కలు కట్టే యంత్రం గణకి ఆ మనిషి మోకాళ్లూ ఊపిరీ కొలిచి తిరుగురాక శాతం చెబుతుంది. తొంభై దాటితే కొండెక్కడానికి నడకచీటీ, లేదంటే ఒక నమస్కారం. పదకొండేళ్లుగా దారులు గీస్తున్న హైమవతి ఒక్క కొండా ఎక్కలేదు. గీసేవాళ్లు నడవకూడదన్నది నియమం. ఒకసారి భయపడిన చెయ్యి గీతను వంకర తిప్పుతుందట.

మూడో అర్జీ గద్దముక్కు కొండకి. అర్జీదారు తామర్ల బొంజన్న, డెబ్బై ఆరేళ్లవాడు, చేతికర్ర బల్లకి ఆనించి ఎదురుగా కూర్చున్నాడు. ఈ నెలలో ఆయన రావడం ఇది మూడోసారి.

"మళ్లీ అరవై ఒకటే వచ్చింది తాతా," అంది హైమవతి. "శిఖరం కింద మెడవంపు దగ్గర తాడు పట్టుకుని దిగాలి. పైనుంచి తాడు వదలడానికి ఇంకో మనిషి ఉండాలి. తోడొచ్చేవాళ్లు లేరని మీరే రాశారు."

"ఉంటే నీ సుట్టూ ఎందుకు తిరుగుతానమ్మా? ఎనిమిది రోజుల్లో వానలొచ్చెత్తాయి. కొండ మూసెత్తారు. ఈలోగా నాను ఎల్లాల."

ఎందుకు వెళ్లాలో హైమవతి రెండుసార్లూ అడగలేదు. అర్జీలో ఆ గడి లేదు. ఈసారి మాత్రం అడిగింది.

గద్దముక్కు మీద ఒకప్పుడు ఊరుండేది. మబ్బుల్లోంచి నీళ్లు పట్టే మబ్బుసాగు వలలు కట్టడానికి ముప్పై ఏళ్ల కిందట ఖాళీ చేయించారు. పోయినవాళ్లకి మెడవంపులో నిలువురాళ్లు నాటడం ఆ ఊరివాళ్ల ఆచారం. రాయి నిలబడి ఉన్నంతకాలం ఆ మనిషిని పేరు పెట్టి పిలవచ్చు. పడిపోతే అయినవాళ్లు వెళ్లి ఎత్తాలి. పడిన రాయి ఒక్క వానాకాలం నేలమీద నానిందా, ఇక ఎత్తరు, ఆ పేరూ పలకరు. బొంజన్న భార్య చిలకమ్మ రాయి ఒక్కటే వలల దగ్గరికి కనపడుతుంది. అది మాఘంలో పడిపోయిందని వలలు బాగుచేసే మనిషి ఒకడు వచ్చి చెప్పాడు.

"గాలికి పడిపోనాదట," అన్నాడు బొంజన్న. "కూడు తినేముందు రోజూ పిలుత్తాను. చిలకా, తిన్నావా అంటాను. ఈ వాన దాటితే అనకూడదు. ఇంక నానెవులితో మాటాడాల?"

"దారిశుద్ధి యంత్రాన్ని పంపి ఎత్తిస్తాను తాతా."

"యెంత్రానికి నా చిలక ఏటవుతాదమ్మా?"

హైమవతి తెరమీద మెడవంపు బొమ్మ తెరిచింది. చిలకమ్మ రాయి ఒక్కటే కాదు, వరసలో ఉన్నవన్నీ ఒకే పక్కకి పడి ఉన్నాయి. గాలి అంత క్రమంగా పడగొట్టదు. పక్కనే ఎర్రగా ఒక గుర్తు: అడ్డురాయి. దాని కింద తన సంతకం.

పుష్యమాసంలో పెట్టిన గుర్తు అది. ఒక రాయికి గుర్తు పెడితే అలాంటి పోలిక ఉన్న వాటన్నిటికీ గణకి తనే అదే గుర్తు పెట్టుకుంటుంది. ఆ వెనకే శుద్ధి యంత్రాలు వెళ్లి అడ్డు తొలగిస్తాయి. పని చిటికెలో అయిపోయిందని ఆ పూట హైమవతి సంతోషపడింది కూడా. ఇప్పుడు ఆ సంతకాన్నే మళ్లీ చదివింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ముసలాయన గాలినే తిట్టుకుంటూ పోతాడు.

"గాలి కాదు తాతా," అంది. "నేనే. దారికి అడ్డమని నేనే గుర్తు పెట్టాను. నలభై మూడూ పడిపోయాయి."

బొంజన్న కర్ర అందుకుని లేవబోయాడు, లేవలేక మళ్లీ కూర్చున్నాడు.

"మా అమ్మది కూడానా?"

"అన్నీ."

"నీ సేత్తోనేనా?"

"ఈ చేత్తోనే. ఉత్త రాళ్లే అనుకున్నాను."

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. హైమవతికీ ఏడుపు ఆగలేదు. క్షమించమని అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు.

"మాలో పడగొట్టినోలు వచ్చి అయినోల పక్కన సెయ్యెయ్యాల," అన్నాడు చివరికి, ఆమెవైపు చూడకుండానే. "నేకపోతే రాయి నిలబడదు."

హైమవతి తెరవైపు తిరిగింది. చిలకమ్మ రాయి మీద అడ్డురాయి గుర్తు చెరిపి, దాని చోట 'మనిషి' అని పెట్టింది. గణకి తన అలవాటు ప్రకారం పోలికలు వెతుక్కుంది. గద్దముక్కు మీద నలభై మూడు మంది. ఆ పక్క కొండ మీద ఇరవై మంది. దారిలో మనిషి ఉంటే యంత్రం ఆగాలి కాబట్టి తొమ్మిది కొండల మీద శుద్ధి యంత్రాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అధికారి గదిలో గంటలు మోగడం మొదలైంది. గణకి ఇవేవీ పట్టించుకోకుండా బొంజన్న లెక్క మళ్లీ కట్టింది. మెడవంపులో తోడు మనిషి ఉంది, తొంభై నాలుగు శాతం. నడకచీటీ బయటికి వచ్చింది.

రాయి తాడు పట్టదని హైమవతికి తెలుసు. రెండో నడకరి గడిలో తన పేరు రాసింది. మెడలోని గుర్తింపు బిళ్ల తీసి బల్లమీద పెట్టింది.

"నాకు కొండెక్కడం రాదు తాతా."

"నాను సెబుతాను. రాయెత్తేటప్పుడు గట్టిగా పిలవాల. నాతోపాటు నువ్వూ పిలవాల."

"నేనేమని పిలవను?"

బొంజన్న చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను తాతంటన్నావు గదా," అన్నాడు. "మరి చిలక్కేటవుతావో నువ్వే సూసుకో."