ఎవరికి వారికే ఎక్స్‌క్లూజివ్

"నన్ను కొన్నారా? ఎంతకి?"

లాండ్రీ షాపావిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని అడిగింది. ఆవిడ ఎదురుగా ఇద్దరు ఇన్సూరెన్స్ ఏజెంట్లు నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. కంపెనీలు వేరు, వాన ఒకటే, కాబట్టి ఇద్దరూ సమానంగా తడిసి ముద్దయ్యారు.

తప్పు అమ్మాయిదే. "ఈ లీడ్ నాదండీ, డబ్బులు పెట్టి కొనుక్కున్నాను" అని ఆ అబ్బాయితో పోట్లాటకి దిగిందే కాని, లీడ్ అనబడే శాల్తీ ఎదురుగా నిలబడి అంతా వింటోందన్న సంగతి మరిచిపోయింది.

"అయ్యో, మిమ్మల్ని కాదండీ, మీ నంబరుని," అంది అమ్మాయి తడబడుతూ. "పాలసీ వివరాలు కావాలని మీరు ఆన్‌లైన్‌లో ఫారం నింపారు కదా? ఆ సైటువాళ్లు మీ నంబరుని మాలాంటి ఏజెంట్లకి అమ్ముతారు."

"అదే, ఎంతకని?"

అమ్మాయి ఫైలు సర్దుకుంది. అబ్బాయికి అబద్ధం చెప్పడం చేతకాదు కాబోలు, ఉన్న రేటు చెప్పేశాడు.

ఆవిడ మొహం కందగడ్డలా అయింది. "అంతేనా! ఒక కోటు డ్రైక్లీన్ చెయ్యడానికి అంతకంటే ఎక్కువ తీసుకుంటాను నేను! దయచెయ్యండి, ఇద్దరూ!"

బయట వాన దంచుతోంది. షాపు ముందున్న రేకు కింద ఇద్దరికి సరిపడా చోటు లేదు. అయినా ఇద్దరూ అక్కడే సర్దుకున్నారు, తప్పదు కదా.

"చూశారా, మీ వల్లే పోయింది," అంది అమ్మాయి.

"నా వల్లా? నేను 'నమస్కారం' తప్ప ఇంకేం అన్లేదండీ. కొన్నాను, అమ్మాను అని లా పాయింట్లు లాగింది మీరు. లాయరమ్మలా!"

"ఆ టై ఏంటండీ అసలు, ఈ వానలో? పెళ్లిచూపులకి వచ్చారా?"

అతను తడిసిన టై వంక చూసుకుని, పిండి, మళ్లీ సర్దుకున్నాడు. అమ్మాయికి నవ్వొచ్చింది. కాని కోపంలో ఉన్నప్పుడు నవ్వితే పరువు పోతుందని అటు తిరిగి నవ్వుకుంది. ఆ క్షణం నుంచి అతను ఆమెకి టై, ఆమె అతనికి లాయరమ్మ.

అసలు ఆ అమ్మాయికి కోపం ఊరికే రాలేదు. ఏడాది కిందట ఇన్సూరెన్స్ ఏజెంటుగా చేరతానన్నప్పుడు ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. వాళ్ల నాన్న తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పొడుగునా దొంగ తూకం రాళ్లు పట్టుకున్న మనిషి. ఆయన దృష్టిలో లోకంలో రెండే జాతులు: కొనేవాళ్లు, మోసం చేసేవాళ్లు.

"అమ్మేవాడి వేలు ఎప్పుడూ తక్కెడ మీదే ఉంటుందమ్మా," అన్నాడాయన. "ఏడాది చూస్తాను. నిలదొక్కుకున్నావా సరే. లేదంటే నా స్నేహితుడి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం రెడీగా ఉంది, నోరు మూసుకుని చేరాలి."

ఆ ఏడాది ఈ శనివారంతో ముగుస్తుంది. శనివారంలోగా ఇంకొక్క పాలసీ తేకపోతే ఏజెన్సీ కోడ్ రద్దు, ఇక ఉద్యోగం ఊడినట్టేనని బ్రాంచి మేనేజరు చెప్పేశాడు. చుట్టాలూ స్నేహితులూ అందరూ అయిపోయారు. ఆమెని చూస్తే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించి తప్పుకునే దాకా వచ్చింది వ్యవహారం. అందుకే ఉన్న పొదుపంతా ఊడ్చి లీడ్స్ కొన్నది. సైటువాళ్లు నంబరు పంపే ప్రతి మెసేజి కిందా ఉంటుంది: 'ఎక్స్‌క్లూజివ్. మీకు మాత్రమే.'

మర్నాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారి గుమ్మంలో టై మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. అప్పుడు గాని ఇద్దరికీ బుర్ర వెలగలేదు. అక్కడే నిలబడి లీడ్స్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

"ఎక్స్‌క్లూజివ్ అన్నారు కదండీ? ఇద్దరికీ ఎలా అమ్ముతారు?" అని అమ్మాయి నిలదీసింది.

"ఎక్స్‌క్లూజివేనండీ," అంది అవతలి గొంతు, తేనె పూసినట్టు. "మీకు మీరు ఎక్స్‌క్లూజివ్, ఆయనకి ఆయన ఎక్స్‌క్లూజివ్. ఎవరికి వారికే ఎక్స్‌క్లూజివ్ మేడమ్."

ఇద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. నవ్వకూడదనుకుంటూనే పగలబడి నవ్వారు. వాళ్ల గోల విని డ్రైవింగ్ మాస్టారు తలుపు తీసి, వెంటనే వేసేసుకున్నాడు.

"సరే, ఒప్పందం చేసుకుందాం," అన్నాడు టై. "ముందొచ్చిన వాళ్లు మాట్లాడతారు. రెండోవాళ్లు వీధి చివర ఆగుతారు."

"ముందు మాట తప్పేది మీరే, చూడండి."

అతను మాట తప్పలేదు. అదే వచ్చిన చిక్కు. ఆ తరవాత ఎక్కడికెళ్లినా ఆమే ముందు. ఆమె బయటికొచ్చేసరికి అతను వీధి చివర టీ పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. "ఏమైంది?" అని అడిగేవాడు. ఆలోచించుకుని చెప్తామన్నారని ఆమె నిట్టూరిస్తే, తనకే పాలసీ పోయినట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహం చూడ్డం కోసం ఆమె రెండు గుక్కల టీని పావుగంట తాగేది. ఇంటికెళ్లాక కూడా ఆ టై గుర్తొచ్చి నవ్వుకునేది. వాళ్లమ్మ ఏంటే అంటే ఏం లేదనేది.

శుక్రవారం మాత్రం ఆమె అడ్డదారిన వచ్చింది. వచ్చేసరికి కస్టమరు ఇంటి వెనక టైర్ల షాపు దగ్గర టై కూర్చుని, వాచీ చూసుకుంటూ తీరిగ్గా వేరుసెనగలు తింటున్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో, పక్కన తొక్కలు కుప్పపడి ఉన్నాయి.

అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే ఇన్నాళ్లూ మీరే ముందొచ్చి, నేనొచ్చే దాకా దాక్కుంటున్నారా?"

అతను చటుక్కున లేచాడు. "అది కాదండీ... మీకు శనివారం గడువు ఉందన్నారు కదా. నాకు అంత తొందర లేదు..."

"జాలా?"

"జాలి కాదు!"

"మరేంటి? నా బదులు మీరు ఓడిపోతారా? ఎవరడిగారండీ మిమ్మల్ని? రేపు నా కోడ్ నిలబడితే అది నేను నిలబెట్టుకున్నదై ఉండాలి. మీరు పడేసిన ముక్క కాదు. పోటీ పడితే నిజంగా పడండి. లేదంటే ఇంకోసారి నాకు మొహం చూపించకండి!"

గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. సందు మలుపు దాకా గట్టిగానే నడిచింది. మలుపు తిరిగాక కళ్లు తుడుచుకుంది.

శనివారం పొద్దున స్కూటర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆఖరి లీడ్ వచ్చింది. రిటైర్డ్ అధికారి, హెల్త్ పాలసీ, తనకీ భార్యకీ. ఈరోజే రావాలి. కింద నంబరు. దాని మీద వేలు పెట్టగానే ఫోన్ తెర మీద పేరు వెలిగింది: నాన్న.

పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. ఆమె కదిలితే ఒట్టు.

ఇంటికి చేరేసరికి గేటు ముందు టై బైకు ఉంది. పోటీ పడమంది కదా, పడ్డాడు మరి! ఆమె ఇల్లని అతనికేం తెలుసు? జేబులో తాళం చెవి ఉన్నా, అమ్మాయి జుట్టు సవరించుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, తన ఇంటి కాలింగ్ బెల్ తనే కొట్టింది.

నాన్న తలుపు తీశాడు.

"నమస్కారమండీ. హెల్త్ పాలసీ వివరాలు అడిగారట."

ఆయన కళ్లద్దాల పైనుంచి ఒక్క క్షణం చూశాడు. "రండి, కూర్చోండి," అన్నాడు. కన్నకూతురిని ఆయన 'మీరు' అనడం అదే మొదలు.

లోపల టై కుర్చీ అంచున కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమెని చూసి నిటారుగా కూర్చున్నాడు. ఇంతలో వంటింట్లోంచి వచ్చిన అమ్మ, "ఇదేం వేషమే, బెల్ కొట్టడమేంటి?" అనేసింది. టైకి టీ కొరపోయింది.

"సార్, మీ... ఈవిడ మీ అమ్మాయా? నేను వెళ్తానండీ," అంటూ లేచాడు దగ్గుతూనే.

"కూర్చోండి," అంది లాయరమ్మ. "నిన్న ఏం చెప్పాను?"

కూర్చున్నాడు. కూర్చోవడమే కాదు, చక్కగా చెప్పాడు కూడా. ప్లాన్లు రెండు, ఆస్పత్రులు ఎన్ని, గది అద్దె ఎంతవరకు ఇస్తారు, అన్నీ పూసగుచ్చినట్టు వివరించాడు. ఆమెకి లోపల భయం మొదలైంది. ఇతను ఇంత బాగా అమ్ముతాడని ఆమె అనుకోలేదు. నాన్న తల ఊపుతున్నాడు!

"షుగర్, బీపీ లాంటివి ఏమైనా ఉన్నాయా సార్?"

"ఏమీ లేవు. రాసుకో."

టై పెన్ను కాగితం మీద ఆగింది. ఇందాక అతనికి టీ ట్రేలో వచ్చింది, ఆయన కప్పు మాత్రం చక్కెర వెయ్యకుండా విడిగా వచ్చింది. అది అతనూ గమనించాడు. కాని ఇంటి పెద్దాయన చెప్పింది అబద్ధమని ఎలా అంటాడు?

అమ్మాయి అననే అంది. "షుగర్ ఉందండీ. రాయాల్సిందే."

"రాస్తే ప్రీమియం పెరుగుతుందటగా?"

"పెరుగుతుంది. షుగర్ వల్ల వచ్చే జబ్బులకి కొన్నాళ్ల దాకా డబ్బు కూడా రాదు. ఉన్నది ఉన్నట్టే చెప్తున్నాను."

"మరి దాచేస్తే లాభమే కదా?"

"ఆస్పత్రిలో పడేదాకా లాభమే. పడ్డాక పాత చీటీలన్నీ తవ్వుతారు, క్లెయిమ్ ఇవ్వరు. అప్పుడు బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి బతిమాలేది మీరు కాదు, మీరు మంచం మీద ఉంటారు. అమ్మ కాదు, అమ్మ మీ పక్కనుంటుంది." ఏజెంటు ఎక్కడికో పోయింది. "నేనుంటాను నాన్నా అక్కడ. ఆ రోజు నా చేతిలో అబద్ధపు కాగితం ఉండకూడదు. నువ్వు ఆయన దగ్గర కొనుక్కున్నా నాకేం ఫరవాలేదు, నిజం మాత్రం రాయించు."

నాన్న కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"సరుకులో లోటుంటే అమ్మేవాడు దాచడమే చూశాను ఇన్నేళ్లూ," అన్నాడు చివరికి. "ముందే చెప్పి అమ్మేవాళ్లు ఒక్కరూ కనబళ్లేదు. ఏదీ, నీ ఫారం ఇలా తే."

ప్రతి గడీ చదివి, షుగర్ దగ్గర 'ఉంది' అని స్వయంగా రాసి, సంతకం పెట్టాడు.

"నాన్నా, నా కోడ్ కోసం కొంటున్నావా?"

"ఛ! నీ కోడ్ సంగతి దేవుడెరుగు, కొనదగ్గదని కొంటున్నాను. ఏడాదంతా ఊరందరినీ అడిగావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారే! నన్ను ఒక్కసారైనా అడిగావా?"

"నువ్వు కొనవనుకున్నాను."

"అడక్కుండానే అనుకున్నావు. నీ నోటితో నువ్వడగవు, నా నోటితో నేనడగను. అందుకే నువ్వు లీడ్స్ కొనే సైటులో ఫారం నింపి చచ్చాను. నీకే వస్తుందనుకుంటే, మధ్యలో ఈయన ఊడిపడ్డాడు!"

అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. కాగితాలు ఫొటో తీసి బ్రాంచికి పంపింది. మేనేజరు వెంటనే ఫోన్ చేశాడు. కోడ్ నిలబడింది! వాళ్లమ్మని పట్టుకుని హాల్లోనే ఒక చుట్టు తిప్పేసింది.

అప్పుడు నాన్న దృష్టి కుర్చీ వైపు మళ్లింది. "ఏం బాబూ, పాలసీ అమ్మాయికి వెళ్లిపోయింది కదా. నువ్వింకా కూర్చున్నావేం?"

టై లేచి నిలబడ్డాడు. "వెళ్దామనే ఉందండీ. కాళ్లు రావట్లేదు. మీ అమ్మాయంటే... నాకు చాలా ఇష్టమండీ. నిన్న ఈవిడ తిట్టినప్పుడు ఇంకా ఇష్టమైంది."

"అది నాన్నతో కాదు, నాతో చెప్పాలి," అంది అమ్మాయి. బుగ్గలు ఎర్రబడ్డాయి గాని, గొంతు మాత్రం తగ్గలేదు.

అతను ఆమె వైపు తిరిగాడు. "మీతోనే చెప్తున్నాను."

"ముందు ఇది చెప్పండి. ఇవాళ నిజంగా పోటీ పడ్డారా?"

"ప్రాణం పెట్టి పడ్డాను. మీ నాన్నగారు తల ఊపినప్పుడు గెలిచాననే అనుకున్నాను. మీ మాటలు విన్నాక, నేనే మీ దగ్గర పాలసీ తీసుకుందామనిపించింది."

ఆమె అతని కళ్లలోకి చూసింది. అబద్ధం చేతకాని మనిషి అని లాండ్రీ షాపులోనే తెలిసింది కదా.

"నాకూ మీరంటే ఇష్టమే," అంది, తండ్రి ముందే, తల వంచకుండా. "నాన్నా, నాకితనంటే ఇష్టం."

నాన్న భార్య వంక చూశాడు. ఆవిడ అప్పటికే టై ఖాళీ కప్పు అందుకుంటూ, "మీ అమ్మగారినీ నాన్నగారినీ ఎప్పుడు తీసుకొస్తావు నాయనా?" అని అడుగుతోంది.

"సాయంత్రమే తీసుకొస్తానండీ!"

"తొందర చూడు," అన్నాడు నాన్న, మీసాల్లో నవ్వుకుంటూ. "రానీ. నేను అబద్ధం చెప్తే ఇతను పెన్ను కదపలేదు, చూశానులే."

అంతలో ఆయన ఫోన్ మోగింది. గుమాస్తా ఉద్యోగం సిద్ధం చేసిన స్నేహితుడు. సోమవారం అమ్మాయి ఎన్నింటికి వస్తుందని అడుగుతున్నాడు.

"రాదోయ్," అన్నాడు నాన్న, వీధి చివరికి వినబడేంత గట్టిగా. "మా అమ్మాయి ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆఁ, మంచి ఏజెంటు. నా చేతే పాలసీ రాయించిందంటే చూసుకో! అవునూ, నీకూ బీపీ ఉంది కదా? ఉండు, తనకిస్తున్నాను. ఒక్క ముక్క దాచకుండా చెప్పు, దాస్తే పట్టేస్తుంది."

ఆయన ఫోన్ చాచాడు. అమ్మాయి ఒక చేత్తో అందుకుంది. రెండో చేతికి టై అప్పటికే పెన్ను అందించాడు.

"నమస్కారం అంకుల్," అంది ఆమె, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "చెప్పండి, బీపీ ఎన్నాళ్ల నుంచి?"