మంచం కింద దొరసాని

గుమ్మంలో నిలబడ్డ మనిషి చంకలో ఫైలు, చేతిలో ఖాళీ బుట్ట. ఆ బుట్ట చూడగానే టైలరమ్మాయికి ఒళ్ళు మండింది.

అతను కుందేళ్ళ షెల్టర్ నుంచి వచ్చాడు. వారం క్రితం ఆమె అక్కణ్ణుంచే ఒక బూడిదరంగు కుందేలుని తెచ్చుకుంది. దాని చూపులో దర్జా చూసి దొరసాని అని పేరు పెట్టింది. దొరసాని వచ్చిన పూటే మంచం కింద దూరింది. ముక్కు దగ్గరికి గడ్డి తోస్తే తింటోంది గానీ బయటికి మాత్రం రావట్లేదు. ఆమె కొలతలు తీసి మరీ కుట్టిన మఖ్మల్ పరుపుని కనీసం వాసన కూడా చూడలేదు.

అతను ఫైలు తెరిచి రూలు చదివాడు. పదిహేను రోజుల్లో కుందేలు తనంతట తాను బయటికొచ్చి తినాలి. లేకపోతే వెనక్కి తీసుకెళ్ళిపోతారు.

"ఇప్పటికే రెండిళ్ళవాళ్ళు వద్దని తెచ్చి వదిలేశారండీ దీన్ని," అన్నాడు మెల్లిగా.

"ఈ ఇల్లు వదలదు. రూలు మీది, ఇల్లు నాది. బుట్ట బయట పెట్టి రండి, ఫైలుగారూ."

వాళ్ళమ్మ వంటింట్లోంచే నిట్టూర్చింది. తన కూతురు మొండిఘటమని ఆవిడకి తెలుసు. ఆ సంగతి ఇంకొకళ్ళకి తెలిసేసరికి ఆవిడకి కాస్త ఊరటగా కూడా ఉంది.

ఫైలుగారు మళ్ళీ పదకొండో రోజున వచ్చాడు. టైలరమ్మాయి మిషన్ మీద నర్సుల కోట్లు కుడుతోంది. అతను నేల మీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకి ఆనించి, మంచం కింద ఉన్న దొరసానిని చూస్తూ ఉండిపోయాడు. ఇలా పడుకునే మనిషి ఫైలంత ఎండుగా ఉండడేమో అని ఆమెకి మొదటిసారి అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చి పెడల్ ఇంకా గట్టిగా తొక్కింది.

"ఒక్క నిమిషం ఆపుతారా?" అన్నాడతను. ఆపింది. "ఇప్పుడు తొక్కండి." తొక్కింది.

అతను లేచి కూర్చున్నాడు. చెంపకి దుమ్ము.

"ప్రమాదం వస్తే కుందేలు వెనక కాలితో నేలని దబదబా కొడుతుందండీ, మిగతావాటికి తెలియాలని. మీ పెడల్ దెబ్బ నేలలోకి అచ్చం అలాగే దిగుతోంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మీరు దానికి పారిపో, పారిపో అని చెబుతున్నారు."

ఆమె పెడల్ మీంచి కాలు తీసేసింది. అన్నం పెట్టే మిషనే దొరసాని ప్రాణం తోడుతోందన్నమాట. కళ్ళు చెమర్చాయి. అతను తల దించుకుని, ఇంకో ఇల్లు చూడటమే మేలేమోనన్నాడు. ఆ మాటతో చెమ్మ కాస్తా ఆరిపోయింది.

"ఇంకో ఇల్లెందుకు? మిషనే ఆపేస్తాను."

ఇరవై కోట్లు చేత్తో కుడతావా అని అమ్మ నెత్తి కొట్టుకుంది. కుడతానంది. కుట్టింది కూడా. మర్నాడు ఫైలుగారు పిలవకుండానే వచ్చి, తను బొత్తాలు కుడతానన్నాడు. రోజూ తనిఖీ చెయ్యాలని ఏ రూల్లో ఉందని ఆమె అడిగితే ఫైలు వెతుకుతున్నట్టు నటించాడు. తర్వాత ఒక కోటు బొత్తాన్ని తన చొక్కా చేతికి కలిపి కుట్టేసుకున్నాడు. దారం కొరకడానికి ఆమె అతని మణికట్టు మీదికి వంగింది. దారం తెగాక కూడా అతను చెయ్యి వెంటనే తీసుకోలేదు.

చేతికుట్టు మొదలెట్టిన రెండో రోజే మంచం అంచు కింద రెండు చెవులు కనిపించాయి. కానీ ఎల్లకాలం మిషన్ మూలన పెట్టి బతకడం కుదరదు. దొరసాని మూతి తిప్పుకున్న మఖ్మల్ పరుపుని ఆమె నాలుగు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కనీ మందంగా మడిచి మిషన్ నాలుగు కాళ్ళ కిందా పెట్టింది.

పదిహేనో రోజు ఫైలుగారు బుట్టతో వచ్చాడు. రూలు ప్రకారం తేక తప్పలేదన్నాడు. ఆమె గది మధ్యలో గడ్డి పెట్టి, మిషన్ ముందు కూర్చుని పెడల్ మీద కాలు వేసింది. తొక్కింది.

ఒక కోటు అంచు పూర్తయింది. రెండోది సగంలో ఉండగా దొరసాని బయటికొచ్చింది. తాపీగా గడ్డి నమిలింది. ఆమె మడమ పక్కదాకా వచ్చి, ఉన్నట్టుండి పక్కకి ధబ్బున పడిపోయింది.

"అయ్యో, పోయిందే!" అంది అమ్మ.

"పోలేదండీ. భయమనేదే లేని చోటయితే కుందేలు ఇలా ఒళ్ళు వదిలేసి పడుకుంటుంది," అన్నాడు అతను. ఫైల్లో సంతకం పెట్టాడు. అయినా కదల్లేదు.

"దీంతో తనిఖీలు అయిపోయాయి. ఇక నేను రావడానికి రూలు ఒప్పుకోదండీ."

ఆమె కాలు కదపకుండా, దొరసాని నిద్ర చెడకుండా, తల మాత్రం అతని వైపు తిప్పింది.

"రూలు మీది. ఇల్లు నాది. మీరు రాకపోతే నాకు బాగుండదు. రేపు రండి. ఎల్లుండి కూడా."

అతను నవ్వబోయి అమ్మ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే గుమ్మం దగ్గరున్న బుట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

"రా బాబూ. ఇది మాత్రం తేకు."