మూడో తప్పు

"పదకొండుకి ఢిల్లీ కమిటీ గడువు," అన్నాడు చీఫ్ గురునాథరావు. ద్వారకా నగర్‌లో, కోచింగ్ సెంటర్ పైన ఆయన ఆఫీసు. "ఈ పెన్‌డ్రైవ్‌లో స్టీల్ సిటీ పొగగొట్టాల అసలు రీడింగులున్నాయి. విదేశీ ముఠా వాటిని తగ్గించి పంపిందంటే, వాతావరణ చట్టం వచ్చినా ఏ కొలిమీ పొగ తగ్గించక్కర్లేదు. ఇక్కడి లైన్ వాళ్లు వింటున్నారు. హార్బర్ నుంచి పంపు."

"పాస్‌వర్డ్?" అడిగాడు ఏజెంట్ అర్జునరావు.

"నువ్వే పెట్టు. మూడుసార్లు తప్పు కొడితే ఫైల్‌కి ఎవరూ మార్చలేని సీలు పడి దానంతటదే ఢిల్లీ పోతుంది. ఈ మూడో తప్పు సంగతి మనిద్దరికే తెలియాలి."

మెట్ల కింద అర్జునరావు డ్రైవ్‌ని తోటి ఏజెంట్ వెంకటేష్‌కిచ్చాడు. ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బెంచీ.

"నా ఎనకాల ముఠా పడతాది. నువ్వు పంపీ బావ."

"పాస్‌వర్డ్ ఏటి?"

"నానొత్తన్నాను. తెలుగులోనే కొట్టు."

జాలరిపేటలో అర్జునరావు ముఠా గుర్తుపట్టకుండా లుంగీ కట్టి చేపల గంప ఎత్తుకున్నాడు.

"గంప అలాగ మోత్తారేటి బాబూ? పెళ్లికొడుకులాగున్నావు," అంది చేపలమ్మే కాసులమ్మ.

నల్లకళ్లద్దాల దేవిశ్రీ కారు దిగింది. ముఠా మనిషే. ఆర్నెల్లుగా చీఫ్‌కీ కబుర్లు అమ్ముతోంది.

"కోనాం చేప ఉందా?"

"నిన్నటిది." కోడ్ సరిపోయింది.

"వెంకటేష్ మావాడై ఏడాదైంది. హార్బర్‌లో తొమ్మిదో గోడౌన్‌కి వెళ్లు."

"అబద్ధం."

"రెండువైపులా అబద్ధాలే చెప్తాను. ఇది కాదు. మీ చీఫ్‌కీ చెప్పాను."

పది యాభై ఎనిమిది. గోడౌన్‌లో ల్యాప్‌టాప్ ముందు వెంకటేష్, పక్కన పిస్తోలు. గంపతో వచ్చిన అర్జునరావుని చూసి తడబడలేదు.

"రెండుసార్లు కొట్టాను. తెరుసుకోదేటి బావ?"

అర్జునరావు స్క్రీన్ చూశాడు. 'నేను వస్తున్నాను' అని ఉంది. చిన్నప్పుడు 'నాను' అని రాసినందుకు పంతులు ఇద్దర్నీ కొట్టేవాడు. వెంకటేష్ ఒక్క దెబ్బకే నేర్చుకున్నాడు. తను ఏడాదంతా తిన్నాడు.

"మద్దిలో ఖాళీ ఒగ్గీసావు. కలిపి కొట్టు."

"నువ్వెప్పుడూ నాకు అబద్ధం సెప్పలేదు బావ," అంటూ వెంకటేష్ కలిపి కొట్టాడు.

స్క్రీన్ ఎర్రబడింది. 'సీలు పడింది. ఢిల్లీకి చేరింది.' పదకొండుకి ఇంకా రెండు సెకన్లున్నాయి.

పిస్తోలు మీదికి వెంకటేష్ చెయ్యి పోయేలోపు దాని మీద చేపల గంప పడింది. చీఫ్ మనుషులు లోపలికి వచ్చారు.

బేడీలు వేయించుకుంటూ అడిగాడు వెంకటేష్. "పాస్‌వర్డ్ మార్చీసావా?"

"లేదు. నానొత్తన్నాను."

"అదే కదా కొట్టాను."

"నాను మనూరి మాట సెప్పాను. నువ్వు పరీక్ష రాసావు బావ," అని అర్జునరావు చేపలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. గంప కాసులమ్మది.