మూల బల్ల దగ్గర దింపిపోయినవాళ్లు

వంతెన దిగగానే ఎడమచేతి వైపు పురీతా జావకొట్టు ఉంటుంది. పగటిపూట ఆ చోటుకు వంక పెట్టేవాడు లేడు. అల్లం వాసన, ఉడికే కోడి వాసన, గిన్నెల మోత, బండ్లవాళ్ల పరాచికాలు...

పొద్దుగూకితే మాత్రం మూల బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు.

తెలియక కూర్చున్నవాళ్లంతా ఒకటే మాట చెప్పారు. అక్కడ చలి. పక్కన ఫ్యాను లేదు, కిటికీ లేదు. అయినా మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టు... పొగలు కక్కే జావ, చెంచా ముంచేలోపే చల్లారిపోతుందట.

దానికీ కారణముంది. రెండు వీధుల అవతల శవజాగారాల హాలుంది. పోయినవాళ్లను అక్కడ పెట్టెలో ఉంచి, రాత్రుళ్లు బంధువులు మేలుకుంటారు. ఆ జాగారం నుంచి తిన్నగా ఇంటికి పోకూడదు. పోతే పోయినవాళ్లు వెంటబడి ఇంటికొస్తారు. మధ్యలో ఎక్కడో ఆగాలి. ఏదో ఇంత తిని, నాలుగు మాటలాడుకుని, వెనక్కి చూడకుండా లేచిపోవాలి. వెంట వచ్చినవాళ్లు దారి మరిచి అక్కడే ఉండిపోతారు.

ఆగడానికి దగ్గరి చోటు పురీతా కొట్టే.

అలా ఊరు ఊరంతా తమవాళ్లను అక్కడ వదిలించుకుని, హాయిగా ఇళ్లకు పోయి పడుకుంది. ఆ వదిలేసినవాళ్ల గతేమిటని ఎవరూ అడగలేదు.

"అడిగితే అద్దె కూడా అడగాల్సొస్తుంది" అనేది పురీతా. నవ్వుతూనే అనేది. కానీ కొట్లో పనిచేసేవాళ్లకు ఒక కట్టడి పెట్టింది. పని దిగాక ఎవరూ తిన్నగా ఇంటికి పోరాదు. సందు చివర రొట్టెలకొట్లో ఆగి, ఓ రొట్టె కొరికి, అప్పుడే పోవాలి.

రాత్రిపూట జావ వడ్డించే రోవెలిన్ ఆ కట్టడి ఒక్కనాడూ తప్పలేదు.

ఆమెది నర్సు చదువు, ఆఖరి ఏడు. పగలు కాలేజీ, ఆసుపత్రి. రాత్రి గరిటె. ఆ రెంటి మధ్యా దొరికినంత నిద్ర. పరీక్షలు మొదలయ్యాక అదీ లేదు. కౌంటరు మీద ఒక పక్క ఉల్లికాడలు, ఒక పక్క మందుల పుస్తకం.

ఆ పరీక్షల నడుమే అమ్మమ్మ పోయింది.

పెంచిన అమ్మమ్మ. పెట్టె ఉన్నది ఆ హాల్లోనే, రెండు వీధుల అవతల. జాగారం మొదలై రాత్రుళ్లు గడిచిపోతున్నాయి. రోవెలిన్ వెళ్లలేదు.

"ఒక్క గంట పోయి రావే. గరిటె తిప్పడం నాకు చేతకాదా ఏమిటి?" అంది పురీతా.

"ఇంకో పాఠం మిగిలింది పిన్నీ."

"ఆ పాఠం రేపూ ఉంటుంది. ఆవిడ ఉండదు."

రోవెలిన్ ఉల్లికాడలు తరిగింది. ఆ పూటకు కావలసినదానికి మూడింతలు తరిగింది. పురీతా ఆ కుప్ప చూసింది, వెనక గదిలోకి పోయి పడుకుంది.

కొట్లో ఎవరూ లేరు. వంతెన మీద బండ్ల చప్పుడు కూడా ఆగిపోయింది... అప్పుడు తలుపు తెరుచుకుంది.

అమ్మ.

నల్ల బట్టల్లో ఉంది. తెల్లవారితే ప్రార్థన, ఆ వెంటనే పాతిపెట్టడం. బట్టలు మార్చుకోవడానికి ఇంటికి పోతూ ఆగింది. కూతురి వంక చూడకుండా తిన్నగా నడిచి... మూల బల్ల దగ్గర కూర్చుంది.

"అక్కడొద్దమ్మా."

"ఎందుకొద్దు? మాలాంటివాళ్ల కోసమేగా ఇది." తలగుడ్డ సర్దుకుంది. "రెండు గిన్నెలు పెట్టు."

"ఇంకెవరొస్తున్నారు?"

అమ్మ ఎదుటి కుర్చీని కాస్త వెనక్కి జరిపింది.

రోవెలిన్ రెండు గిన్నెల్లో జావ పోసి, చెరో ఉడికిన గుడ్డు వేసి తెచ్చింది. అమ్మ ఒక గిన్నె తన ముందుకు జరుపుకుంది. రెండోది ఎదుటి వైపుకు తోసింది — ఎవరో కూర్చున్నట్టే.

"పరీక్ష పొద్దున్నేనా?"

"ఊఁ."

"పాతిపెట్టడమూ పొద్దున్నే."

"తెలుసు."

"రమ్మనడానికి రాలేదు లేవే. ఆ పరీక్ష తప్పితే ఏడాది పోతుందని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు." నాలుగు చెంచాలు తాగి అమ్మ ఆగింది. "చివరి పూట ఎన్నిసార్లడిగిందో... నీ ముద్దుపేరుతోనే, వెలీన్ వచ్చిందా, వచ్చిందా అని. నువ్వెత్తని ఆ ఫోను నా చేత ఆవిడే చేయించింది."

"చేతిలో గరిటె ఉందమ్మా..."

"అవును. గరిటె ఉంది."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

అమ్మ లేచింది. వెళ్తూ కూతురి చెవి దగ్గరకు వంగింది.

"మన వీధి మొదట్లోనూ కొట్టుంది. అక్కడ ఆగొచ్చు నేను. కావాలనే ఇక్కడికొచ్చాను." గొంతు ఇంకా తగ్గింది. "నువ్వు రాలేదుగా... అందుకని నేనే తీసుకొచ్చాను."

తలుపు మూసుకుంది. అమ్మ వెనక్కి చూడలేదు. చూడకూడదు కదా.

రోవెలిన్ అక్కడే నిలబడిపోయింది.

ఎదుటి గిన్నెలోంచి పొగ లేస్తోంది... లేస్తోంది... చటుక్కున ఆగిపోయింది. దీపం ఆర్పినట్టు.

ఆసుపత్రిలో ఎన్నో శవాలకు ఒళ్లు తుడిచిన పిల్ల. ఇప్పుడు తలెత్తి ఎదురుగా చూడ్డానికి ధైర్యం చాలలేదు. బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"అమ్మమ్మా..."

చలి. మెడ మీద కాదు, మోకాళ్ల మీద. చిన్నప్పుడు అమ్మమ్మ చెయ్యి వేసే చోట.

"పరీక్షలని చెప్పాను గానీ... పరీక్షలు కాదు అమ్మమ్మా. ఊరందరి కాళ్లూ కడిగాను ఆసుపత్రిలో. నీ కాళ్లు కడగడానికి ఒక్క పూట రాలేకపోయాను. పెట్టెలో నీ మొహం ఎలా చూడను? సిగ్గేసింది... అంతే."

ఎక్కడో నీటిచుక్క పడింది. కొళాయిదో, మరి దేనిదో...

ఇంకేం చెయ్యాలో తోచక పుస్తకం తెచ్చుకుంది. అమ్మమ్మకు చదువు రాదు. అయినా పక్కన కుట్టుపని పట్టుకు కూర్చుని, "పైకి చదవవే, నాకూ వినపడనీ" అనేది. కునుకు పడితే మంచం కోడు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేది. టక్... టక్. అంతే, లేచి కూర్చోవాల్సిందే.

రోవెలిన్ పైకి చదివింది. మందుల పేర్లు, మోతాదులు, ఏ మందు గుండెకు, ఏది ఊపిరికి... చదువుతూ చదువుతూ ఎప్పుడు తల వాల్చిందో తెలియదు.

టక్... టక్.

ఉలిక్కిపడి లేచింది. తెల్లవారుతోంది. బల్ల ఇంకా సన్నగా అదురుతోంది. కొట్లో ఎవరూ లేరు.

ఎదుటి గిన్నెలో జావ మీగడ కట్టి అలాగే ఉంది. గుడ్డు లేదు.

తన పుస్తకం పక్కన, ఓ చిన్న పళ్లెంలో ఉంది. రెండు ముక్కలుగా. అంచులు నునుపుగా, పచ్చసొన పొడి కూడా రాలకుండా — దారంతో కోసినట్టు. అమ్మమ్మ గుడ్డును ఎప్పుడూ కుట్టుదారంతోనే కోసేది. పెద్ద ముక్క వెలీన్‌కు.

పెద్ద ముక్క రోవెలిన్ వైపే ఉంది.

"పిన్నీ!" పిలుపుకు వెనక గదిలోంచి పురీతా ఆవలిస్తూ వచ్చేసరికి రోవెలిన్ అడిగింది, "గుడ్డు నువ్వు కోశావా?"

"నేనా? గిన్నెలో గుడ్డు వేయడానికే నా ప్రాణం ఉసూరుమంటుంది. కోసి కూడా పెడతానటే?" అంటూనే పళ్లెం చూసింది. రెండో గిన్నె చూసింది. నవ్వు ఆగిపోయింది. శిలువ గుర్తు వేసుకుని మెల్లగా అంది, "రొట్టెలకొట్టు మీదుగా పో తల్లీ. ఇవాళ మాత్రం మరిచిపోకు."

రోవెలిన్ గుడ్డుముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఉప్పగా ఉంది. ఏడుపో, ఉప్పో తెలియలేదు.

"ఇవాళ ఎక్కడా ఆగను పిన్నీ."

సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది. గుమ్మం ముందే బాడుగబండివాడు బెర్తింగ్ బండి ఆపుకుని ఉన్నాడు — మోటారుసైకిలు, పక్కన పైకప్పున్న తొట్టి. వంతెన అవతలి నుంచి అప్పుడే వచ్చాడు. రోవెలిన్ ఇంట్లో చావు సంగతి తెలిసినవాడు కాదు.

రోవెలిన్ తొట్టిలోకి ఎక్కబోయింది.

"ఏమ్మాయ్, బుద్ధుందా?" అని కసిరాడు బెర్తింగ్. "పెద్దావిణ్ణి లోపల కుదురుగా కూర్చోనీ. నువ్వు నా వెనకెక్కు."

ఆమె కాలు గాలిలోనే ఆగింది.

తొట్టిలో ఎవరూ లేరు. ఆమె కంటికి ఎవరూ లేరు.

కాలు వెనక్కి తీసుకుని అతని వెనక ఎక్కింది.

"ఎక్కడికి?"

కాలేజీ అనడానికి నోరు రాలేదు. శ్మశానం అనడానికీ రాలేదు. రెంటికీ దారి ఒకటే, ముందు కాలేజీ, ఆపైన శ్మశానం. "తిన్నగా పోనీ బాబాయ్" అంది.

బండి కదిలింది. రొట్టెలకొట్టు వచ్చింది, వెళ్లిపోయింది. చర్చి గంట మోగుతోంది. కాలేజీ గోడ కనబడింది. ఆగమని చెప్పాలా... వద్దా? పెదవి కొరుక్కుంది. చెప్పలేదు. గేటు వచ్చేసింది, దాటిపోతోంది...

తొట్టి పైకప్పు మీద లోపలి నుంచి చప్పుడైంది.

టక్... టక్.

బెర్తింగ్ ఠక్కున బండి ఆపాడు. తొట్టి వైపు వంగి ఏదో విన్నాడు, తలూపాడు.

"దిగమ్మాయ్. నువ్విక్కడేనట."

"మరి... మరి అమ్మమ్మ?"

"ఆవిడ ముందుకు పోవాలంటోంది. నేను దింపుతాలే, నువ్వెళ్లు."

రోవెలిన్ దిగింది. తొట్టి వైపు చెయ్యి చాచింది. అంచు మంచులా చల్లగా ఉంది. మరుక్షణం ఆ అంచు ఆమె వేళ్ల కిందనుంచి జారిపోయింది.

శ్మశానం దారిలో బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఖాళీ తొట్టి. అయినా బండి ఆ పక్కకే, బరువుకు ఒరిగి, మెల్లగా పోతోంది...

లోపల పరీక్ష గంట మోగింది.