మూడో అంతస్తు తనిఖీ

ఆ యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టలు మూడో అంతస్తుకి చెడ్డపేరు వచ్చింది పిల్లలున్నప్పుడు కాదు, పిల్లలంతా వెళ్ళిపోయాక. వాళ్ళున్నన్నాళ్ళూ దెయ్యానికి అక్కడ చోటెక్కడిది? రాత్రి రెండింటికి కూడా ఎవత్తో ఒకతె తల ఆరబెట్టుకుంటూనో, ఫోన్లో పోట్లాడుతూనో వరండాలో తిరుగుతూనే ఉండేది. మాయదారి జబ్బు వచ్చి, ఒక్క పూటలో క్యాంపస్ మూసేసి, గేటుకి గొలుసు వేశాక మొదలైంది అసలు సంగతి.

రాత్రి పది దాటితే పైన ఎవరో నడుస్తారట.

నాలుగడుగులు... ఆగడం... తాళం కదిపిన చప్పుడు. మళ్ళీ నాలుగడుగులు... ఆగడం... తాళం. ఆ చివర నించి ఈ చివరికి, ఒక్క గదీ వదలకుండా.

కోతులన్నారు. గాలన్నారు. కోతి ఎక్కడైనా వరస తప్పకుండా తాళాలు చూసుకుంటూ పోతుందా? ఎవరో అమ్మాయి అక్కడ ఉరేసుకుందని ఇంకొకరు పుట్టించారు. అలాంటిదేమీ జరగలేదు, కానీ నోరు ఊరుకోదు కదా. మొత్తానికి ఇద్దరు వాచ్‌మన్లు జీతం కూడా అడక్కుండా మానేశారు. మిగిలింది ఒక్క ముసలాయన. ఆయనకి చెవుడు గనక మిగిలాడని అందరూ నవ్వేవాళ్ళు. నాకిది చెప్పింది ఆయనే, ఆయనకి వార్డెనమ్మ స్వయంగా చెప్పిందట.

వార్డెనమ్మంటే ఇరవై రెండేళ్ళుగా ఆ హాస్టలుని నడిపిస్తున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలి ఇల్లే ఇల్లు. కోపం ముక్కు మీద ఉంటుంది గానీ, ఏ పిల్లకి ఒళ్ళు వెచ్చబడినా రాత్రంతా ఆ మంచం దగ్గరే. ఎనిమిది నెలల తర్వాత క్యాంపస్ తెరుస్తారని కబురొస్తే అందరికంటే ముందు వచ్చేసింది.

తెరవడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ వాళ్ళు ఎనిమిది నెలల్లో హాస్టలు మెట్టు ఒక్కటీ ఎక్కలేదు గానీ, మెట్ల మీద ఎవరు ఏ పక్క ఎక్కాలో ఇంట్లో కూర్చునే బాణాలు గీయించారు. గదికి ఒక్కరే ఉండాలి. భోజనాల బల్లకి ఇద్దరే, అదీ ఎదురెదురుగా కాదు. జ్వరం వచ్చిన పిల్లల్ని విడిగా ఉంచడానికి ఒక అంతస్తు మొత్తం ఖాళీగా పెట్టాలి. ఏ అంతస్తు? ఇంకేముంది, మూడోదే. పొద్దున్న తొమ్మిదింటికి కమిటీ వచ్చి చూసుకుంటుంది, ఈలోగా అన్ని గదులూ స్వయంగా చూశానని వార్డెన్ సంతకం పెట్టాలి అని కాగితం వచ్చింది.

స్వయంగా చూశాను — ఆ మాట దగ్గర ఆవిడ కలం ఆగిపోయింది.

ఎందుకంటే, మూసేసిన రోజునా ఆవిడ ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టింది. ఆ రోజు బస్సులు గేటు దగ్గర హారన్లు కొడుతున్నాయి, సాయంత్రం నాలుగింటికల్లా కరెంటు తీసెయ్యాలని పైనించి ఫోన్ల మీద ఫోన్లు. ఆవిడకేమో మధ్యాహ్నం నించే ఒళ్ళు పేలిపోతోంది. హాస్టల్లో ఒక పద్ధతి ఉంది. గదికి ఒకటే తాళంచెవి. వెళ్ళేవాళ్ళు బయట తాళం వేసి, చెవి తెచ్చి ఆఫీసులో బోర్డుకి తగిలిస్తారు. చెవి బోర్డు మీద ఉందంటే గది ఖాళీ. ఇరవై రెండేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. బోర్డు వంక చూసింది, కొక్కేలన్నీ నిండాయి, సంతకం పెట్టేసింది. మూడో అంతస్తు ఎక్కలేదు.

మర్నాటికి ఆస్పత్రిలో ఉంది. ఇరవై రోజులు. మొదటి నాలుగు రోజులూ ఒంటి మీద తెలివే లేదు.

సరే, ఇప్పుడు మళ్ళీ తెరుస్తున్నారు గనక, వస్తున్నారో లేదో చెప్పమని పిల్లలందరికీ కబురు పెట్టారు. అందరూ జవాబిచ్చారు, ఒక్కతి తప్ప. మూడు వందల ఇరవై ఏడో గది అమ్మాయి. పిల్లలంతా దాన్ని నిద్రమొహం అనేవాళ్ళు. రాత్రంతా చదివి పగలు పడుకునేది, పడుకుంటే పక్కన పిడుగు పడ్డా లేచేది కాదు. తల్లీతండ్రీ లేరు, పెంచిన పెద్దమ్మతో పోట్లాడి చదువుకోడానికి వచ్చేసింది. ఆ పిల్ల కనపడకపోతే ఎక్కడుందని అడిగే నాథుడు లేడు.

ఫోన్ చేస్తే స్విచాఫ్. సాయంత్రం ఏడింటికి వార్డెనమ్మ ఆ పిల్ల గదిలోనే ఉండే ఇంకో అమ్మాయికి చేసింది.

"నీకంటే ముందే వెళ్ళిపోయిందా అది?"

"వెళ్ళిపోయిందనే అనుకున్నాను మేడమ్... మంచం మీద దుప్పట్లు కుప్పగా ఉన్నాయి. బస్సు పోతుందని నేను తాళం వేసి, చెవి తగిలించి..."

"దుప్పట్లు తీసి చూశావా?"

అవతల ఆ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది.

వార్డెనమ్మ ఫోన్ పెట్టేసి ఆ గదిని తలుచుకుంది. ఆ కిటికీలకి ఊచలు. తలుపుకి బయట తాళం. కరెంటు తీసేశారు గనక ఫోన్ ఎంతసేపు పనిచేస్తుంది? మొదటి రోజుల్లో వాచ్‌మన్లంతా గేటు దగ్గరే, అరిచినా, బాదినా అక్కడికి వినపడదు. పైన చప్పుళ్ళని వాచ్‌మన్లు చెప్పుకున్నదంతా ఒక్కసారిగా ఆవిడ గుండె మీదకొచ్చి కూర్చుంది. ఆ పిల్ల లోపల ఉంటే, చంపింది జబ్బు కాదు. నా సంతకం చంపింది — అనుకుందావిడ.

ఎవరికైనా చెప్పొచ్చు. పోలీసుల్ని పిలవొచ్చు. పొద్దున్న కమిటీ ఎలాగూ తీస్తుంది. కానీ కమిటీ తీసేదాకా ఆ గదిలో ఆ పిల్లని ఇంకో రాత్రి ఒంటరిగా వదలడానికి మనసొప్పలేదు. బోర్డు మీది చెవి తీసుకుంది. టార్చిలైటు తీసుకుంది.

మెట్ల దగ్గర ముసలాయన అడ్డం వచ్చాడు. పొద్దున్న చూసుకోవచ్చు కదమ్మా అన్నాడు. ఆవిడ ఆయన్ని తప్పించుకుని ఎక్కింది. అంత భయంలోనూ బాణం గీసిన పక్కనే ఎక్కిందట, అలవాటు అలాంటిది.

మొదటి అంతస్తు... రెండో అంతస్తు...

మూడో అంతస్తులో గాలి కూడా లేదు. టార్చి వేస్తే నేల మీద వేలెడు దుమ్ము. తలుపుల మీద దుమ్ము, కిటికీల మీద దుమ్ము. తాళాల మీద మాత్రం లేదు. ఒక్కొక్క తాళం చేత్తో తుడిచినట్టు తళతళలాడుతోంది. రోజూ ఎవరో పట్టుకుని చూస్తున్నట్టు.

ఇక వెనక్కి పోదామనిపించింది. పోలేదు. మూడు వందల ఇరవై ఐదు... ఇరవై ఆరు...

ఇరవై ఏడు.

తలుపు మీద వేళ్ళతో మెల్లగా కొట్టింది. "తల్లీ..." అంది. లోపల నించి ఏ అలికిడీ లేదు. చెవి తాళంలో పెట్టి తిప్పింది. తాళం తెరుచుకుంది.

మంచం మీద దుప్పట్లు... కుప్పగా.

ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలీదు. ముందుకెళ్ళి, కళ్ళు మూసుకుని, ఒక్కసారిగా దుప్పటి లాగింది.

ఏమీ లేదు. ఉత్త పరుపు.

ఆవిడ నేల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. బతికించావురా దేవుడా అనుకుంది. ఖాళీ గదికి భయపడి ఇంతసేపు ప్రాణాలు తోడేసుకున్నానా అని నవ్వొచ్చింది కూడా. ఏడ్చి, నవ్వి, లేవబోతూ టార్చి తలుపు వైపు తిప్పింది.

తలుపు లోపలి పక్క... రంగంతా లేచిపోయి ఉంది. నడుమెత్తున సొట్టలు. ఒకటి కాదు, పది కాదు. కింద సొట్టలు పడిన స్టీలు గ్లాసొకటి, దాని పక్కన ఖాళీ నీళ్ళ సీసా.

అంటే ఉంది. ఆ పిల్ల లోపలే ఉంది. బాదింది.

కిటికీ ఊచలు పట్టుకుని చూసింది, ఒక్కటీ కదల్లేదు. తలుపుకి తాళం ఇప్పుడు తనే తీసింది. మరి... ఆ పిల్ల ఎటు పోయింది?

అంతే. తలుపు వేయడం కూడా మర్చిపోయి, బాణాలేవీ చూడకుండా పరుగున కిందికొచ్చి పడింది. ముసలాయన నీళ్ళిచ్చాడు. గుక్క మింగుతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"మేడమ్... నేను, మూడు వందల ఇరవై ఏడు."

గ్లాసు చేతిలోంచి జారిపోయింది. ఎవరమ్మా అని ముసలాయన అడుగుతున్నా వినిపించుకోలేదు.

"బతికే ఉన్నావా తల్లీ?"

అటు ఆ పిల్ల నవ్వింది. పాత ఫోన్ బస్సులో ఎవరో కొట్టేశారట, నంబరు మారిందట. ఇప్పుడే తన రూమ్మేటు ఎవరెవర్నో అడిగి, నంబరు పట్టుకుని, ఫోన్ చేసి ఒకటే ఏడుపట. అందుకే వెంటనే చేశానంది. సోమవారం వస్తున్నాను, కానీ ఆ గది మాత్రం నాకివ్వొద్దు మేడమ్ అంది. వార్డెనమ్మకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఎలా బయటపడ్డావే అని అడిగింది.



"అదేంటి మేడమ్? మీరే కదా వచ్చి తాళం తీశారు. రెండో రోజు రాత్రి."

వార్డెనమ్మ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"మీరేం మాట్లాడలేదు. మెట్ల మీద పడిపోతానేమోనని నా చెయ్యి పట్టుకున్నారు... మీ చెయ్యి కాలిపోతోంది మేడమ్. ఇంత జ్వరంతో ఎలా వచ్చారా అనుకున్నాను. పక్క గేటు దాటించి మళ్ళీ వెనక్కి తిరిగారు. మీరూ రండి మేడమ్ అంటే, ఇంకా గదులు చూడాలి అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు."

థాంక్స్ చెబుదామని తర్వాత ఎన్నిసార్లో చేసిందట, ఫోన్ ఎత్తలేదట. ఈలోగా తన ఫోనే పోయిందట. వార్డెనమ్మ అన్నీ విని, జాగ్రత్తగా రా అమ్మా అని మాత్రం అని పెట్టేసింది.

రెండో రోజు రాత్రి ఆవిడ ఆస్పత్రిలో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. ఆఫీసు తాళంచెవులున్న బ్యాగు ఆవిడ తలగడ కిందే ఉంది. పక్కన కూర్చున్న చెల్లెలు తర్వాత చెప్పింది కూడా... అక్కా, ఆ రాత్రంతా నువ్వు ఏవో అంకెలు చదువుతూనే ఉన్నావే, ఆపమంటే ఆపలేదు అని. మూడు వందల ఒకటి, మూడు వందల రెండు, మూడు వందల మూడు...

ఇదంతా ముసలాయనకి ఎలా చెప్పాలో తెలియక, రాత్రి పది దాటేదాకా ఆవిడ అలాగే కూర్చుంది.

అప్పుడు వినపడింది.

పైన — నాలుగడుగులు... ఆగడం... తాళం.

ఆవిడ ముసలాయన వంక చూసింది. చెవుడున్న మనిషి, తల పైకెత్తి కప్పు వంక చూస్తున్నాడు.

"నా చెవులకేం కాలేదమ్మా," అన్నాడు గుసగుసగా. "వినపడుతోందంటే ఇక్కడ ఉండలేను, ఉద్యోగం పోతుందని చెవుడు తెచ్చుకున్నాను."

నాలుగడుగులు... తాళం.

వార్డెనమ్మ లేచింది. వద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాడాయన. మొదటి మెట్టు దాకా వెంట వచ్చి అక్కడే ఆగిపోయాడు. ఆవిడ టార్చి తీసుకోలేదు. భయం లేకపోలేదు. కానీ ఆ నడిచేదెవరో తెలిశాక, దాన్ని అలా వదిలేసి ఇంటికెళ్ళి పడుకోవడం ఎలా?

మూడో అంతస్తు చివర చీకట్లో నిలబడింది. చప్పుడు అవతలి చివర నించి వస్తోంది. ఒక్కో గదే... ఒక్కో తాళమే... ఏమాత్రం తొందర లేకుండా. ఇరవై ఐదు. ఇరవై ఆరు.

తలుపు తెరిచి ఉన్న ఇరవై ఏడు దగ్గర ఆగింది. ఎంతకీ కదల్లేదు.

"అన్నీ చూశావు," అంది వార్డెనమ్మ. తనతో తను మాట్లాడుతున్నట్టు కాదు, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టే. "ఎవరూ లేరు. అందరూ ఇళ్ళకి చేరారు. ఆ పిల్ల కూడా బాగుంది, సోమవారం వస్తోంది. ఇక చాలు... పద, మనమూ పోదాం."

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి తాళాల దగ్గర ఆగలేదు. నేరుగా ఆవిడ వైపే వచ్చాయి. దగ్గరికి... ఇంకా దగ్గరికి... ముఖానికి వేడిగాలి తగిలింది, జ్వరమొచ్చిన మనిషి ఊపిరిలాగా. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఎంతసేపటికీ రాకపోయేసరికి ముసలాయన పడుతూ లేస్తూ పైకి వెళ్ళాడు. ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. లేపబోతే లేవలేకపోయింది. మోకాళ్ళు రెండూ పట్టేసి, పాదాలు బూరెల్లా వాచి ఉన్నాయి. ఇందాక బాగానే ఎక్కావు కదమ్మా, ఏమైంది అని అడిగాడు.

ఆవిడ ఆయన భుజం పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతూ చెప్పిందట —

"కాళ్ళు పీకుతున్నాయి బాబాయ్. ఎనిమిది నెలల నించీ తిరుగుతూనే ఉన్నాను కదా."